ఇవాళ మా బిడ్డ కడుపులోకి ఏం వెళ్ళింది?

(ఒడిశాలోని పర్లాకిమిడిలో అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు, నర్సింగ్ విద్యార్థినులు, తల్లిదండ్రుల కోసం జరిగిన సభలో ఒక పిల్లల డాక్టరు తెలుగులో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడతాను.

పిల్లల ఐసీయూ అనగానే అందరి చూపూ యంత్రాల మీదికే పోతుంది. వెంటిలేటర్, మానిటర్, మందు ఎక్కించే పంపు. బయట వరండాలో కూర్చున్న తల్లిదండ్రులు మమ్మల్ని అడిగేవి కూడా వాటి గురించే. ఆక్సిజన్ ఎంత ఉంది, జ్వరం తగ్గిందా, రక్త పరీక్ష ఏం చెప్పింది అని. అవన్నీ అడగాల్సినవే. కానీ దాదాపు ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఇవాళ మా బిడ్డ కడుపులోకి ఏం వెళ్ళింది, ఎంత వెళ్ళింది? నేను ఇప్పుడు మాట్లాడబోయేదంతా ఆ ఒక్క ప్రశ్న గురించే. మీరు రోజూ అడగడం మొదలుపెడితే మా వార్డుల్లో చాలా మారుతుందని నా గట్టి నమ్మకం.

మొదట గ్లూకోజ్ బాటిల్ సంగతి చూద్దాం. "బాటిల్ ఎక్కుతోంది కదా డాట్రమ్మా, ఇంక తిండెందుకు?" అని పెద్దవాళ్ళు అడుగుతుంటారు. ఆ బాటిల్‌లో ఏముందో లెక్క కడదాం. 5 శాతం గ్లూకోజ్ ఉన్న అర లీటరు బాటిల్‌లో 25 గ్రాముల చక్కెర ఉంటుంది. అంటే ఐదారు టీస్పూన్లు. దానివల్ల వచ్చేది సుమారు 85 కేలరీలు. పది కిలోల పిల్లాడికి రోజంతా కలిపి రెండు బాటిళ్ళు ఎక్కించినా 170 దాటవు. అదే పిల్లాడు ఆరోగ్యంగా ఇంట్లో తిరుగుతుంటే రోజుకి 800 కేలరీల దాకా కావాలి. ఇక ప్రోటీన్ అయితే ఆ బాటిల్‌లో ఒక్క గ్రాము కూడా లేదు. కొవ్వూ లేదు. మామూలు సెలైన్ అయితే చక్కెర కూడా ఉండదు, ఉప్పునీరే. బాటిల్ వద్దని కాదు. ఒంట్లో నీరు, లవణాలు, చక్కెర పడిపోకుండా అది కాపాడుతుంది. కానీ దాన్ని భోజనం అనుకుని నాలుగైదు రోజులు గడిపేస్తే పిల్లాడు ఆస్పత్రి మంచం మీదే పస్తున్నట్టు లెక్క.

పెద్దవాళ్ళు రెండు రోజులు పస్తుంటే ఏమవుతుంది, మహా అయితే నీరసం అంటారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి పస్తుంటే శరీరం తెలివిగా కొవ్వుని కరిగించుకుంటూ కండని దాచుకుంటుంది. ఒంట్లో తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఆ తెలివి పనిచేయదు. కట్టెలు అయిపోయిన ఇంట్లో తలుపు చెక్కలు విరిచి పొయ్యిలో పెట్టినట్టు, శరీరం తన కండనే విరిచి వాడుకుంటుంది. పిల్లల్లో అసలే కండ తక్కువ. ఆ కరిగే కండలో కాళ్ళూ చేతులవే కాదు, ఊపిరి తీసుకోవడానికి పనిచేసే డయాఫ్రమ్ కూడా ఉంది. నిమోనియా తగ్గిపోయి, ఎక్స్‌రే బాగుపడి కూడా పిల్లాడు వెంటిలేటర్ నుంచి బయటికి రాలేకపోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే. ఊపిరితిత్తి బాగుపడింది గానీ ఊపిరి లాగే బలం లేదు. గాయాలు మానవు, కొత్త ఇన్‌ఫెక్షన్లు పట్టుకుంటాయి. పాలు తగలని పేగు లోపలి పొర కూడా కొన్ని రోజుల్లోనే పలచబడిపోతుంది.

పైగా మన దగ్గర చాలామంది పిల్లలు ఆస్పత్రికి వచ్చేసరికే చిక్కిపోయి ఉంటారు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒడిశాలో ఐదేళ్ళలోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకి తగ్గ ఎత్తు లేరు. ఎత్తుకి తగ్గ బరువు లేనివాళ్ళు 18.1 శాతం, అందులో బాగా చిక్కిపోయినవాళ్ళు 6.1 శాతం. ఇవి రాష్ట్రం మొత్తానికి సగటు లెక్కలు. గుమ్మా, మోహన, ఆర్. ఉదయగిరి వైపు కొండల మీది పల్లెల నుంచి వచ్చే పిల్లల్ని చూసేవాళ్ళకి సగటు ఎంత మోసం చేస్తుందో తెలుసు. వానలు పడే నెలల్లో ఇంట్లో గింజలు అడుగంటుతాయి. అదే నెలల్లో మలేరియా, విరేచనాలు వస్తాయి. తల్లి పొలం పనికి పోతుంది, చంటివాడిని చూసేది ఎనిమిదేళ్ళ అక్క. పిల్లాడు చిక్కితే జబ్బు పట్టుకుంటుంది, జబ్బు చేస్తే ఇంకా చిక్కుతాడు. ఐసీయూ దాకా వచ్చేసరికి ఇలాంటి చుట్లు ఎన్నో తిరిగి ఉంటాడు.

దానికి తోడు ఇంట్లో జ్వరం రాగానే మనవాళ్ళు చేసే మొదటి పని తిండి మానిపించడం. లంఖణం పరమౌషధం అని మన తాతల కాలం నుంచీ వింటున్నాం. అజీర్తి చేసిన పెద్దమనిషి ఒక పూట మానేస్తే నష్టం లేదు. ఏడాది పిల్లాడికి విరేచనాలు అవుతుంటే తల్లిపాలు మానిపించి, పలచటి గంజి తేటతో మూడు రోజులు ఉంచడం మాత్రం ప్రమాదం. విరేచనాలున్నా తల్లిపాలు ఆపకూడదు, తినగలిగిన పిల్లాడికి మెత్తటి అన్నం, పప్పు ఆపకూడదు. ఓఆర్‌ఎస్‌తో పాటు ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజుకి 20 మిల్లీగ్రాముల జింక్ బిళ్ళ, విరేచనాలు తగ్గినా సరే 14 రోజులు ఇవ్వాలి. ఇది ఆశా అక్కలకి తెలిసిన విషయమే, అయినా మళ్ళీ చెబుతున్నాను. ఎందుకంటే ఆ బిళ్ళలు మూడో రోజునే గూట్లోకి వెళ్ళిపోతున్నాయి.

ఇప్పుడు ఆస్పత్రి లోపలికి వద్దాం. 2012లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 8 దేశాల్లోని 31 పిల్లల ఐసీయూల్లో వెంటిలేటర్ మీద ఉన్న 500 మంది పిల్లలకి డాక్టర్లు ఎంత ఆహారం రాశారు, గొట్టం ద్వారా నిజంగా ఎంత అందింది అని కొలిచారు. రాసిన కేలరీల్లో అందింది 38 శాతం. ప్రోటీన్‌లో 43 శాతం. ఎక్కువ అందిన పిల్లల్లో మరణాలు తక్కువగా కనిపించాయి. జబ్బు కాస్త తక్కువగా ఉన్న పిల్లలకి పాలు పట్టడం సులువు కాబట్టి, ఆ తేడా అంతా ఆహారం వల్లేనని అనలేం. అయినా ఆ 38 అనే అంకె ముందు నేను చాలాసేపు ఆగిపోయాను. అన్ని వసతులూ ఉన్న ఐసీయూల్లోనే రాసినదానిలో సగం కూడా పిల్లాడికి చేరలేదంటే, ఒక నర్సు ఎంతోమందిని చూసుకునే మన వార్డుల్లో ఎంత చేరుతోంది?

మిగతాది ఎక్కడ పోతుందో మీకు చెబుతాను, అందులో దాపరికం ఏమీ లేదు. ఉదయం స్కాన్ ఉందని రాత్రి నుంచి పాలు ఆపుతారు. స్కాన్ మధ్యాహ్నానికి వాయిదా పడుతుంది. తర్వాత డ్యూటీ మారుతుంది. మళ్ళీ మొదలుపెట్టమని ఎవరూ రాయరు. ఇంకోసారి గొట్టం ఊడిపోతుంది, కొత్తది వేసేదాకా రెండు మూడు దఫాలు పోతాయి. ఒకసారి వాంతి అయిందని రోజంతా ఆపేస్తారు. వీటిలో ఏదీ ఎవరూ కావాలని చేసేది కాదు. కానీ సాయంత్రానికి లెక్క చూస్తే పిల్లాడికి దక్కింది నాలుగో వంతు.

అందుకే తల్లిదండ్రులు అడగాలి. మత్తు ఇచ్చే ముందు పాలు ఎంతసేపు ఆపాలనే దానికి లెక్క ఉంది. తల్లిపాలైతే 4 గంటలు, పోతపాలైతే 6 గంటలు, నీళ్ళలాంటి తేట ద్రవాలైతే 2 గంటలు చాలు. "ఎన్ని గంటలకి ఆపాలి సిస్టర్, ఎన్ని గంటలకి మళ్ళీ మొదలుపెడతారు?" అని మర్యాదగా అడగండి. ఆపరేషన్ వాయిదా పడిందని తెలిసిన క్షణం మళ్ళీ అడగండి. అడిగితే డాక్టర్లు కసురుకుంటారని భయపడొద్దు. ఇక్కడ కూర్చున్న నర్సింగ్ అమ్మాయిలకి కూడా చెబుతున్నాను, ఇంకో రెండేళ్ళలో ఆ ప్రశ్న మీకే ఎదురవుతుంది. విసుక్కోకుండా చార్టు తీసి చూపించండి.

(సభలోంచి ఒకావిడ: వెంటిలేటర్ మీద స్పృహ లేకుండా పడుకున్న పిల్లలకి పాలు అరుగుతాయా అండీ?)

మంచి మాట అడిగారమ్మా. చాలామందికి అరుగుతాయి. స్పృహ లేకపోయినా పేగు తన పని చేసుకుంటూనే ఉంటుంది. రక్తపోటు బాగా పడిపోయి, ఇంకా కుదురుకోనప్పుడు, పేగుకి అడ్డం పడినప్పుడు, పేగుల నుంచి రక్తం పోతున్నప్పుడు ఆపుతాం. అలాంటివి లేకపోతే చేరిన 24 నుంచి 48 గంటల లోపలే ముక్కులోంచి పొట్టలోకి వేసిన సన్న గొట్టం ద్వారా పాలు మొదలుపెట్టాలని 2017లో వచ్చిన అమెరికా నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. మొదట చాలా కొద్దిగా ఇస్తాం, తట్టుకున్నకొద్దీ పెంచుతాం. మొదటి వారం ముగిసేసరికి కావలసిన కేలరీల్లో మూడింట రెండు వంతులైనా అందాలి. ప్రోటీన్ కిలో బరువుకి రోజుకి ఒకటిన్నర గ్రాములకి తగ్గకూడదు. పాలు పట్టేటప్పుడు తలవైపు మంచం 30 డిగ్రీలు ఎత్తి ఉంచుతాం, పాలు ఊపిరితిత్తుల్లోకి పోకుండా.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. ఆ గొట్టంలో మీ అంతట మీరు ఏమీ పొయ్యకండి. కొబ్బరినీళ్ళు, హార్లిక్స్, ఇంటి నుంచి తెచ్చిన గంజి, ఏదైనా సరే. అలాగే ఆయాసపడుతున్న పిల్లాడి నోట్లో చెంచాతో నీళ్ళు పొయ్యొద్దు. నిమిషానికి డెబ్భైసార్లు ఊపిరి తీస్తున్న పసివాడు మింగలేడు, అవి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గొట్టం వేశారని చాలామంది తల్లులు ఏడుస్తారు, బిడ్డ చేయి దాటిపోయాడనుకుంటారు. అది బిడ్డకి ఆకలి తీర్చే దారమ్మా. ఆయాసం తగ్గగానే తీసేస్తాం.

నోటి ద్వారా కుదరకపోతే పోషకాలన్నీ రక్తనాళం ద్వారానే ఇచ్చేయొచ్చు కదా అని చదువుకున్నవాళ్ళు అడుగుతారు. అలా ఇచ్చే మందు ఉంది. పేగు పనిచేయని పిల్లలకి అదే ప్రాణాధారం. కానీ తొందరపడి అందరికీ మొదటి రోజు నుంచే ఇస్తే మేలు కన్నా కీడే ఎక్కువని 2016లో తేలింది. బెల్జియం, నెదర్లాండ్స్, కెనడాల్లో 1440 మంది పిల్లల మీద చేసిన పరీక్షలో, మొదటి రోజే మొదలుపెట్టిన పిల్లల్లో 18.5 శాతం మందికి కొత్త ఇన్‌ఫెక్షన్లు వచ్చాయి. వారం ఆగి ఇచ్చినవాళ్ళలో 10.7 శాతం మందికే వచ్చాయి. వాళ్ళు ఐసీయూ నుంచి ముందే బయటపడ్డారు కూడా. అంటే ఖరీదైనది ముందుగా ఎక్కిస్తే బిడ్డ ముందుగా కోలుకుంటాడన్నది నిజం కాదు.

ఇక నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టే పిల్లల గురించి. జబ్బ, అంటే మోచేతి పైభాగం, చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువగా ఉన్న పిల్లలు, లేదా రెండు పాదాలకీ నీరు పట్టిన పిల్లలు. అంగన్‌వాడీలో సామ్ అంటాం, అంటే తీవ్రమైన పోషకాహార లోపం. నీరు పట్టిన పిల్లలు బొద్దుగా కనిపిస్తారు, బరువు కూడా బాగానే తూగుతారు. అందుకే ఎవరూ అనుమానించరు. పాదం మీద బొటనవేలితో నొక్కి తీస్తే గుంట పడుతుంది, అది చూడాలి. ఈ పిల్లలకి తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. జ్వరం లేదు కదా, పర్వాలేదులే అనుకున్న రాత్రే ఒళ్ళు చల్లబడి, చక్కెర పడిపోయి, పోతారు.

వీళ్ళకి తిండి పెట్టడంలో తొందర పనికిరాదు. ఎండిపోయిన బిడ్డని చూడగానే అమ్మమ్మ మనసు ఆగదు. గ్లాసెడు పాలు, గుడ్డు, నెయ్యన్నం అన్నీ ఒకేసారి పెట్టాలనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసినప్పుడు నెలల తరబడి మాడిన ఖైదీలకి విడుదలయ్యాక కడుపు నిండా తిండి పెడితే, బతికి బయటపడ్డవాళ్ళలో కొందరు ఆ తిండి మొదలయ్యాకే చనిపోయారు. కారణం ఏమిటంటే, చాలాకాలం పస్తున్న ఒంట్లోకి ఒక్కసారిగా చక్కెర పదార్థం వస్తే కణాలు దాన్ని వాడుకోవడానికి రక్తంలోని ఫాస్ఫరస్‌ని, పొటాషియంని, మెగ్నీషియంని లాగేసుకుంటాయి. రక్తంలో అవి పడిపోతే గుండె లయ తప్పుతుంది, ఊపిరి కండరాలు పట్టు తప్పుతాయి. థయమిన్ అనే బి1 విటమిన్ కూడా చాలదు. డాక్టర్లు దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు.

ఇక్కడ ఒక తెలుగువాడిని తలచుకోకుండా ముందుకి పోలేను. రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కనిపెట్టింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. దశాబ్దాల పాటు ప్రపంచమంతా లాబ్‌లలో ఫిస్క్-సుబ్బారావు పద్ధతే వాడారు. ఈ పిల్లలకి మొదటి రోజు ఇచ్చే ఫోలిక్ ఆసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది కూడా 1940లలో ఆయన నడిపించిన బృందమే. పేగుల జబ్బుతో చిక్కి చనిపోయిన అన్నని చూసిన మనిషి ఆయన. నర్సింగ్ అమ్మాయిలు ఆయన గురించి చదవాలి.

మరి ఈ పిల్లలకి ఎంత పెట్టాలి? ఆరు కిలోల పిల్లాడిని తీసుకుందాం. మొదట ఇచ్చే పాలని ఎఫ్-75 అంటారు. 100 మిల్లీలీటర్లలో 75 కేలరీలు, 0.9 గ్రాముల ప్రోటీన్ మాత్రమే. కిలోకి రోజుకి 130 మిల్లీలీటర్ల లెక్కన 780 మిల్లీలీటర్లు. దాన్ని పన్నెండు దఫాలు చేసి, రెండు గంటలకోసారి 65 మిల్లీలీటర్లు. ఒళ్ళంతా నీరు పట్టిన పిల్లాడికి ఇంకా తక్కువ, కిలోకి 100. ఆ 65 మిల్లీలీటర్లు చూసి "ఇంతేనా? మా గుంటడు ఏటీ తినక మాడిపోతంటే ఇంతే పోస్తారా?" అని అమ్మమ్మలు నిలదీస్తారు. వాళ్ళ కోపంలో ప్రేమే ఉంది. కానీ ఆ చిన్న కొలతే బిడ్డ గుండెని కాపాడుతోంది. రెండు రోజుల నుంచి వారం లోపల బిడ్డకి ఆకలి పుడుతుంది, నీరు తగ్గుతుంది. అప్పుడు 100 కేలరీలు, 2.9 గ్రాముల ప్రోటీన్ ఉన్న ఎఫ్-100కి మారుస్తాం, క్రమంగా కడుపు నిండా ఇస్తాం. అప్పుడు కనిపిస్తుంది మీకు తేడా. ఐరన్ టానిక్ కూడా మొదటి వారం ఇవ్వం, బిడ్డ తెల్లగా పాలిపోయి ఉన్నా సరే.

ఈ పాలకి విదేశీ డబ్బా అక్కర్లేదు. 30 మిల్లీలీటర్ల ఆవుపాలు, 9 గ్రాముల చక్కెర, 2 గ్రాముల నూనె, మరిగించి చల్లార్చిన నీళ్ళతో కలిపి 100 మిల్లీలీటర్లు చేస్తే ఎఫ్-75కి సమానమైన కేలరీలు వస్తాయి. వార్డు వంటగదిలోనే చేయొచ్చు. పొటాషియం, మెగ్నీషియం, జింక్ విడిగా డాక్టరు కలపాలి కాబట్టి ఇంట్లో మాత్రం ప్రయత్నించొద్దు. అసలు ఖర్చు పాలది కాదు, మనిషిది. రాత్రి రెండు గంటలకీ నాలుగు గంటలకీ లేచి ఆ దఫాలు పట్టే మనిషి కావాలి. చక్కెర పడిపోయేది ఆ వేళలోనే. తల్లి ఫోన్‌లో అలారం పెట్టుకుని నర్సుని లేపినా తప్పులేదు. ఒకప్పుడు ఇలా ఆస్పత్రిలో చేరిన పిల్లల్లో చాలాచోట్ల 20 నుంచి 30 శాతం చనిపోయేవారు. వెచ్చగా ఉంచడం, చక్కెర చూడటం, ఇన్‌ఫెక్షన్‌కి మందు, కొలిచిన పాలు, ఈ పనులు పద్ధతిగా చేస్తే దాన్ని 5 శాతం లోపుకి తేవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దీనికి పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు.

పాలిచ్చే తల్లుల గురించి ఒక మాట. బిడ్డ ఐసీయూలో ఉంటే తల్లి బయట పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా కూర్చుంటుంది. బంధువులు కూడా బాధలో ఉందిలే అని వదిలేస్తారు. బిడ్డ తాగకపోయినా రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా, పాలు పిండి నర్సుకి ఇవ్వాలి. లేకపోతే వారంలో ఎండిపోతాయి. మరి ఆమె తినకపోతే ఆ పనికి ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది? తండ్రులకి, అత్తలకి చెబుతున్నాను, మందుల చీటీ పట్టుకుని పరిగెత్తే ముందు ఆమెకి వేడి అన్నం తెచ్చిపెట్టండి.

చివరగా ఇంటికి వెళ్ళాక సంగతి. మన ఊరికి ఇదొక ప్రత్యేకమైన చిక్కు. సీరియస్ అయిన పిల్లాడిని ఒకరు బరంపురం తీసుకెళ్తారు, ఇంకొకరు పాతపట్నం మీదుగా శ్రీకాకుళం, అక్కడా కాకపోతే విశాఖ కేజీహెచ్. ప్రాణం దక్కించుకుని కాశీనగర్ పక్క పల్లెకో, గుమ్మా కొండల్లోకో తిరిగి వస్తారు. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. అంగన్‌వాడీ రిజిస్టరు ఒడియాలో ఉంటుంది. అక్కడ చికిత్స చేసిన డాక్టరుకి ఇక్కడి ఆశా ఎవరో తెలియదు, ఈమెకి ఆ బిడ్డ ఐసీయూలో ఉన్నాడనే తెలియదు. ఐసీయూ నుంచి వచ్చిన బిడ్డకి ఆ తర్వాత కొన్ని నెలలు చాలా జాగ్రత్త కావాలి. పోయిన కండ తిరిగి రావాలంటే మామూలు కన్నా ఎక్కువ తినాలి. అంగన్‌వాడీలో ఇచ్చే ఛతువా, అదే వేయించిన గింజల పిండి, పలచగా కాకుండా చిక్కగా, ఒక చెంచా నూనె వేసి పెట్టండి. ఆ ఒక్క చెంచాలోనే 45 కేలరీలున్నాయి. చోడి (రాగి) అంబలి పెద్దవాళ్ళు తాగేట్టు నీళ్ళగా కాదు, జావ చెంచాకి అంటుకునేంత చిక్కగా కాచి బెల్లం వేయండి. పప్పన్నం, గుడ్డు, అరటిపండు, వేరుసెనగ మెత్తగా నూరి. రోజుకి ఐదారుసార్లు, కొద్దికొద్దిగా.

అంగన్‌వాడీ, ఆశా అక్కలకి నా విన్నపం ఇది. మీ ఊరి బిడ్డ ఏ వైపు ఆస్పత్రి నుంచి వచ్చినా, వచ్చిన వారంలోనే ఇంటికి వెళ్ళి బరువు చూడండి, జబ్బ కొలవండి. మళ్ళీ 11.5 కంటే దిగితే, పాదాలకి నీరొస్తే, తినడం మానేస్తే, ఆలస్యం చేయకుండా జిల్లా ఆస్పత్రిలోని పోషకాహార పునరావాస కేంద్రానికి పంపండి. తల్లిదండ్రులకి చెప్పేది ఒకటే. డిశ్చార్జి కాగితం మీద ఇంటికి వెళ్ళే రోజు బరువు, జబ్బ కొలత, ఏం పెట్టాలి, రోజుకి ఎన్నిసార్లు, మళ్ళీ ఎప్పుడు తూచాలి అన్నవి రాసి ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే రాసిచ్చేదాకా వార్డు వదలకండి. మీ ఊరి ఆశా ఫోన్ నంబరు అదే కాగితం మీద రాయించండి.

కొలిచే టేపులు బయట బల్ల మీద పెట్టాం. ఎడమ జబ్బకి, భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో, మరీ బిగించకుండా కొలవాలి. నర్సింగ్ అమ్మాయిలు చేసి చూపిస్తారు. ఆర్నెల్లు నిండి ఐదేళ్ళ లోపు పిల్లల్ని తీసుకొచ్చినవాళ్ళు ముందు రండి, మిగతావాళ్ళ ప్రశ్నలకి నేను ఇక్కడే ఉండి జవాబు చెబుతాను.